పెన్న ఇసుకలో గొడ్డుపూలు

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చి, "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. ఏ ఊరినుంచి ఏ ఊరికి బదిలీ అయ్యాను, ఏ పై అధికారి దగ్గర ఎలా నెట్టుకొచ్చాను అని వాళ్ళ ఉద్దేశం. అవి చెప్పాలంటే నాకే ఆవులింతలొస్తాయి, మీకెందుకు? ఒక్క సంగతి రాస్తాను. అందులో నా తప్పూ ఉంది, నా గెలుపూ ఉంది. తప్పు చేయడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. దాన్ని దిద్దుకునేసరికి ఇంకో రెండు పంటలు గడిచాయి.

డిమాస్టేటరు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నన్ను కమలాపురంలో వేశారు. ఉద్యోగం పేరు అగ్రికల్చరల్ డిమాన్‌స్ట్రేటర్. ఊళ్ళలో ఆ పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు, ‘డిమాస్టేటరు’ అనేవాళ్ళు. ఒక సైకిలు, ఒక గొడుగు, సంచిలో నాలుగు కరపత్రాలు నా సరంజామా. వయసు ఇరవై నాలుగు. కాలేజీలో వృక్షశాస్త్రం మంచి మార్కులతో పాసయ్యానని తల కాస్త పైకే ఉండేది.

పెన్నలో వరద తీసిపోయాక ఇసుక బయటపడుతుంది. ఆ ఇసుకలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కర్బూజ పెట్టేవాళ్ళు. మోకాటి లోతు గుంత తవ్వి, చివికిన పేడ ఎరువు నింపి, గింజ నాటి, పక్కనే తీసిన చెలమలోంచి కడవలతో నీళ్ళు మోసి పోయాలి. నడుములు విరిగే చాకిరీ అది. శ్రీరామనవమికి తొలికాయలు బండ్లకెత్తి ఒంటిమిట్ట తిరునాళ్ళకు తోలేవాళ్ళు. ఇసుక ఎవరి సొంతమూ కాదు కాబట్టి, ఏటా ఎవరు ఎక్కడ గుంతలు తవ్వాలో పుల్లయ్య అనే పెద్దమనిషి కర్రతో గీతలు గీసి చూపించేవాడు. ఆయన గీత దాటే మగాడు ఆ ఊళ్ళో లేడు.

ఆ ఇసుకలో విత్తనమంటే ఓబులమ్మదే. అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. మొగుడు పోయాక ఒంటిచేత్తో సేద్యం లాక్కొచ్చిన మనిషి. అత్త చేతినుంచి వచ్చిన విత్తనాన్ని చెడకుండా కాపాడుకుంటూ వచ్చింది. ఏటా తియ్యటి కాయలు ఏరి, గింజలు బూడిదలో కలిపి ఎండబెట్టి దాచేది. అడిగినవాళ్ళకల్లా ఒడి నిండా పోసి పంపేది. ఒక్క పైసా ముట్టేది కాదు. ‘ఓబులమ్మ ఇత్తనం’ అంటే చాలు, ఇక ఎవరూ మారుమాట అడిగేవాళ్ళు కాదు. ఆమెకున్న ఆస్తల్లా ఆ పేరే.

నోరు జారిన మాట

నేను చేరిన ఏడాదే గొడవ పుట్టింది. ఓబులమ్మ విత్తనం పెట్టినవాళ్ళందరికీ గుంత విడిచి గుంతలో కాయలు చప్పగా వచ్చాయి. పైకి కర్బూజలాగే ఉన్నాయి, కోస్తే పులుపు, దోసకాయ వాసన. తిరునాళ్ళలో కొన్నవాళ్ళు తుపుక్కున ఉమ్మేసి, కాయను మళ్ళీ బండిమీదికే విసిరికొట్టారట.

పుల్లయ్య నన్ను పిలిపించాడు. ఇసుకలో అందరూ గుమిగూడి ఉన్నారు.

"సదువుకున్నోడివి, నువ్వే సెప్పప్పా. ఇదేం కత?" అన్నాడు.

నేను కాయ కోసి వాసన చూశాను. గింజ నోట్లో వేసుకొని నమిలాను. ఓబులమ్మ పోయినేటినుంచీ తన గట్టుమీద పప్పులోకని దోస పెట్టుకుంటోందని అప్పుడే ఎవరో అన్నారు. దోస గింజనూ కర్బూజ గింజనూ పక్కపక్కన పెడితే గుర్తుపట్టడం మహామహులకే కష్టం. నాకు చిక్కు విడిపోయినట్టే అనిపించింది. గొంతు సవరించుకొని "కల్తీ" అన్నాను. "ఇందులో దోస గింజలు కలిశాయి."

ఓబులమ్మ నావైపు తిరిగింది. "నేను కలిపినానా నాయనా?"

"కావాలని కాదులే, పొరపాటున కలిసి ఉంటాయి" అని నసిగాను. ఆ మాట ఎవరికీ వినపడలేదు. ‘కల్తీ’ మాత్రం అందరికీ వినపడింది.

దానికితోడు పక్క గీతలో దస్తగిరి ఉన్నాడు. అతనిదీ ఒకప్పుడు ఓబులమ్మ ఇచ్చిన విత్తనమే. మళ్ళీ వెళ్ళి అడగడానికి బద్ధకమై, ఏటా తన కాయల గింజలే తాను నాటుకునేవాడు. అతని కాయలు మాత్రం బెల్లం ముక్కల్లా ఉన్నాయి.

"అదే ఇత్తనం వానికి తీపి, మనకు సప్పనా? మంచిది దాసిపెట్టి, సెడ్డది మన ఒళ్ళో పోసినాది" అని నలుగురూ అందుకున్నారు.

పుల్లయ్య కర్ర ఇసుకలో గుచ్చి, "ఓబులమ్మా, వచ్చే ఏడు గూడా ఇట్లనే అయితే ఈ ఇసుకలో నీకు గీత లేదు" అన్నాడు.

ఆమె ఏడవలేదు. చెంగు దులుపుకొని వెళ్ళిపోయింది. నేను సైకిలెక్కి, పని పూర్తిచేసినవాడిలా ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు.

దొంగను పట్టబోయి

మరుసటి ఏడు ఆమె విత్తనం ఎవరూ తీసుకోలేదు. ఆమె ఒక్కతే పెట్టుకుంది. కల్తీ ఎలా చేస్తుందో కళ్ళారా చూద్దామని, పూత కాలంలో ఒకరోజు పొద్దున్నే వెళ్ళి గట్టుమీద కూర్చున్నాను. నేను దొంగను పట్టడానికి పోయానని ఒప్పుకుంటున్నాను.

ఓబులమ్మ చంకలో గంప పెట్టుకొని తీగల మధ్య వంగి వంగి నడుస్తోంది. పూలు గిల్లి గంపలో వేస్తోంది. నేను దిగి వెళ్ళాను.

"ఏందీ, ఇత్తనం దొంగను పట్టేకి వచ్చినావా?" అంది తలెత్తకుండానే.

"లేదమ్మా. ఊరికే. ఆ పూలెందుకు గిల్లుతున్నావు?"

"గొడ్డుపూలు గదా నాయనా! పిందె లేదు, కాయ లేదు. తీగ బలమంతా తిని కూసుంటాయి. మా యత్త దినామూ గిల్లేది. నేనూ గిల్లుతాండా. ఒక్కటి ఇడ్సను."

గంపలోకి చూశాను. నిండా మగపూలే. ఆ కర్బూజ రకంలో మగపూవు వేరు, పిందెపూవు వేరు. పిందెపూవు కింద చిన్న పిందె ఉంటుంది. మగపూవుకు వట్టి కాడే. దాని పని పుప్పొడి ఇవ్వడం, ఆ ఒక్క పూట బతికి రాలిపోవడం.

"మరి దస్తగిరి గిల్లడా?" అని అడిగాను.

దస్తగిరి అక్కడే ఇసుకలో వెల్లకిలా పడుకొని ఉన్నాడు. "గొడ్డుపూలు గిల్లేకి నాకు తీరిక యాడుందప్పా! బీడీ తాగేకే పొద్దు సాలదు" అన్నాడు.

"పనికిమాలినోడు. వాని తోటంతా గొడ్డుపూతే" అంది ఓబులమ్మ.

అప్పుడు తేనెటీగల మీద నా చూపు పడింది. ఓబులమ్మ గట్టుమీద దోస తీగలు విరగబూసి ఉన్నాయి. దోస ఎట్లున్నా కాస్తుందని వాటి జోలికి ఆమె పోయేది కాదు. ఈగలు ఆ దోస పూలల్లో దూరి, ఒళ్ళంతా పసుపు పూసుకొని, నేరుగా వచ్చి ఆమె కర్బూజ పిందెపూలమీద వాలుతున్నాయి. కర్బూజ మగపూవంటూ ఒకటుంటేగా వాలడానికి!

అక్కడే ఇసుకలో కూలబడ్డాను. దోసా కర్బూజా ఒకే ఇంటి పిల్లలు, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పడుతుంది. ఇంటి పెళ్ళికొడుకులందరినీ పొద్దున్నే తరిమేసి, పక్కింటివాడికి పీట వేసినట్టయింది. విత్తనం మూటలో కలవలేదు, పూవులో కలిసింది. ఎంత శ్రద్ధగా గిల్లితే అంత చెడింది. దస్తగిరి సోమరితనమే అతని విత్తనాన్ని కాపాడింది. ఓబులమ్మ చేసిన తప్పల్లా అందరికంటే ఎక్కువ కష్టపడడం. ఆ మనిషిని నేను నలుగురిలో కల్తీ మనిషిని చేశాను.

కాలేజీలో ఇదంతా చదివాను. పరీక్షలో బొమ్మ వేసి రంగులు కూడా అద్దాను. అయినా ఏడాది క్రితం నాకది తట్టలేదు. కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పేదొకటే. కోసిన కాయను చూసి తీర్పు చెప్పకండి, అది పూతలో ఉన్నప్పుడు ఒక పొద్దు తోటలో కూర్చోండి.

ఎర్ర దారం, తెల్ల దారం

ఆ మధ్యాహ్నమే పుల్లయ్య దగ్గరికి పరుగెత్తాను. "పురుష పుష్పాలు, స్త్రీ పుష్పాలు" అంటూ పాఠం మొదలుపెట్టాను. పుల్లయ్య ఓపిగ్గా విని, "ఏమప్పా, ఎండ తగిలిందా?" అన్నాడు.

మాటలతో అయ్యే పని కాదని తెలిసిపోయింది. దస్తగిరి తోటలో చేసి చూపిస్తానన్నాను. తల్లితీగ అతనిదే. తండ్రులు మాత్రం ఇద్దరు. సాయంత్రం పూట, మరునాడు విచ్చబోయే పూల మొగ్గల కొసలకు దారం కట్టి మూసేశాను, ఈగ దూరకుండా. తెల్లారాక, అలా మూసి ఉంచిన మగపూవును తెంచి, రేకులు విరిచేసి, పిందెపూవు విప్పి పుప్పొడి పూసి మళ్ళీ కట్టేశాను. దస్తగిరి తోటలోని కర్బూజ పుప్పొడి పూసినవాటికి తెల్ల దారం, గట్టుమీది దోస పుప్పొడి పూసినవాటికి ఎర్ర దారం.

మా పై అధికారికి కబురు తెలిసింది. కడపకు పిలిపించి, "పూలకు పెళ్ళిళ్ళు చేయడానికా నీకు జీతమిస్తున్నది? ఎరువుల కరపత్రాలు పంచు" అని గట్టిగా అరిచాడు. ఆయన నా కళ్ళముందు జీపు దిగి ఇసుకలో కాలుపెట్టింది ఎన్నడూ లేదు. ఇలాంటివాళ్ళు మీకూ తగులుతారు. తల ఊపండి, మీ పని మీరు చేసుకోండి. నేను తల ఊపి, పొద్దున పూలు, పగలు కరపత్రాలు చూసుకున్నాను.

కాయలు పండాయి. ఓబులమ్మ పంట అనుకున్నట్టే మళ్ళీ చప్పబడింది. నావి మాత్రం అందరిముందూ కోశాను. పుల్లయ్య తెల్ల దారం కాయ తిన్నాడు, తీపి. ఎర్ర దారం కాయ తిన్నాడు, అదీ తీపి!

నవ్వులే నవ్వులు. "డిమాస్టేటరు దారాలు శానా బాగున్నాయప్పా, రెంటికీ ఒకటే రుసి!"

"ఈ కాయ తల్లిది. తండ్రి ఇంకా గింజలో ఉన్నాడు. ఈ గింజ నాటితే వచ్చే ఏడు బయటపడతాడు" అన్నాను.

"మళ్ళా ఒగ ఏడా?" పుల్లయ్యకు కోపమొచ్చింది. "గీత లేదని పోయినేడే సెప్పినా. మాట తప్పమంటావా?"

"నా మాట తప్పయితే ఆమెతోపాటు నన్నూ తరిమెయ్యి. మళ్ళీ ఈ ఇసుకలో కాలు పెట్టను" అన్నాను.

పుల్లయ్య ఎర్రదారం గింజలూ తెల్లదారం గింజలూ వేరువేరుగా మూటలు కట్టించి, తన ఇంట్లో అటకమీద తానే పెట్టుకున్నాడు. "మూటల మీద ఎవురి సెయ్యీ పడకూడదు. నీదీ, ఆయమ్మదీ" అన్నాడు. నాకు కావలసిందీ అదే.

కోత

ఆ ఏడాది ఎలా గడిచిందో నాకే తెలుసు. ఓబులమ్మను బావి దగ్గర ఆడవాళ్ళు పలకరించడం మానేశారు. నేను కనబడితే మాత్రం ఆమె, "తిన్యావా నాయనా?" అనేది.

వరద తీశాక పుల్లయ్య గీతలు గీశాడు. ఓబులమ్మకు గీసేటప్పుడు ఒక్క క్షణం కర్ర ఆగింది, తర్వాత కదిలింది. రెండు మూటలూ ఆయనే విప్పాడు. చెలమకు ఈ పక్క వరస తెల్ల మూట, ఆ పక్క వరస ఎర్ర మూట. ఓబులమ్మ తన చేత్తోనే రెండూ నాటింది. రెంటికీ ఒకే ఎరువు, ఒకే చెలమ నీళ్ళు. గట్టుమీద దోస పెట్టలేదు. ఒక్క మగపూవు గిల్లలేదు.

"సేతులు దురదపెడతాండాయి నాయనా, గిల్లకుండా ఉండలేకుండా ఉండా" అనేది. కొంగు ముడివేసుకొని, చేతులు వెనక్కి పెట్టుకొని తోటలో తిరిగేది పాపం.

ఒంటిమిట్ట బండ్లు కట్టే ముందురోజు కోత పెట్టుకున్నారు. ఊరు ఊరంతా ఇసుకలోకి దిగింది. పుల్లయ్య కొడవలి పట్టుకొని తెల్లమూట వరసలో మొదటి కాయ కోశాడు. ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. రెండో కాయ కోశాడు. మూడోది. ఆయన గడ్డం వెంట రసం కారుతోంది.

"తీపి" అన్నాడు. "ఓబులమ్మ యత్త కాలం నాటి తీపి."

చెలమ దాటి ఎర్రమూట వరసకు పోయాడు. కోశాడు, కొరికాడు, మరుక్షణం తుపుక్కున ఉమ్మాడు. "దోసకాయప్పా! పప్పులో ఎయ్యాల్సిందే!" ఇంకోటి కోశాడు, అదీ అంతే. వరసంతా అంతే.

అబ్బ, ఆ కేకలు! జనం రెండు వరసలమీదా పడి కోసుకొని తిన్నారు. ఇటు తిని లొట్టలు వేయడం, అటు తిని ఉమ్మడం. దస్తగిరి రెండు చేతులూ పైకెత్తి, "సూస్తిరా! నా సోమరితనమే సేద్యమంటే!" అని గంతులేశాడు. తల్లి ఒకటే, మన్ను ఒకటే, నీళ్ళు ఒకటే. తండ్రి ఒక్కడే తేడా. ఇక పాఠం చెప్పే అవసరం నాకు రాలేదు.

నేను ఒక గుంత గట్టెక్కి గట్టిగా అన్నాను. "రెండేళ్ళ కింద ఈ ఇసుకలోనే నేను కల్తీ అన్నాను. అది తప్పు. ఓబులమ్మ విత్తనం కలపలేదు. తెలియక మాట్లాడినవాణ్ణి నేను. అమ్మా, నన్ను క్షమించు."

గవర్నమెంటు మనిషి తప్పయిందని చెప్పడం వాళ్ళెప్పుడూ వినలేదనుకుంటాను.

ఓబులమ్మ ఒక తీగ దగ్గర చతికిలబడి, విచ్చుకున్న మగపూవును వేలితో నిమురుతోంది. అప్పుడు వచ్చింది ఏడుపు. మూడు పంటలుగా ఆపుకున్న ఏడుపు.

"గొడ్డుపూలంటిమే వీటిని! కన్న నాయనను దినామూ గిల్లి గంపలో పారేసి, బిడ్డ సెడిపాయె అని ఏడ్సినా గదా. ఇవి గొడ్డుపూలు కాదు నాయనా. నాయన పూలు!"

పక్కనున్న ఆడవాళ్ళు ఆ మాట అందుకున్నారు. నాయన పూలు, నాయన పూలు అని సాయంత్రానికి ఊరంతా పాకింది. నా ‘పురుష పుష్పాలు’ ఏడాది దాటినా నోటికెక్కలేదు, ఆమె మాట ఒక్క పూటలో ఎక్కింది. మనం నేర్పినదానికి రైతు తన పేరు పెట్టుకున్న రోజే అది వాళ్ళ సొంతమైనట్టు లెక్క.

పుల్లయ్య ఓబులమ్మ ముందుకొచ్చి, తలపాగా తీసి ఆమె ఒడి కిందికి పట్టాడు. "తెల్లమూట కాయల గింజలు నాకు తొలుత పొయ్యి ఓబులమ్మా" అన్నాడు. ఆ ఇసుకలో ఆయన ఎవరినీ ఏదీ అడగగా ఎవరూ చూడలేదు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

మరునాడు ఒంటిమిట్ట బండ్లలో మొదటిది ఓబులమ్మది. ఎడ్ల కొమ్ములకు దండలు కట్టించింది పుల్లయ్యే. తిరునాళ్ళలో కాయలు చాలక జనం తిట్టుకుంటూ పోయారట. మా పై అధికారి కూడా ఎక్కడో తిని, ‘మా శాఖ కృషి’ అని రిపోర్టులో రాసుకున్నాడు. రాసుకోనీ.

మళ్ళీ ఇసుకలో

ఆ తర్వాత నన్ను ఆదోనికి వేశారు, ఇంకా ఎక్కడెక్కడికో వేశారు. పత్తి చూశాను, వేరుసెనగ చూశాను, మళ్ళీ తప్పులూ చేశాను. ‘కల్తీ’ అనే మాట మాత్రం మళ్ళీ నా నోట రాలేదు. ఓబులమ్మ పోయిందని ఎవరో చెబితే తెలిసింది. దూరాన ఉండి, అప్పుడు వెళ్ళలేకపోయాను.

రిటైరైన ఏడు ఎర్రగుంట్లలో రైలు దిగి, బస్సెక్కి, ఆ ఇసుకకు పోయాను. పూత కాలమే. తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. ఒక తోటలో దిగి, పాత అలవాటు పోనిచ్చుకోలేక ఒక మగపూవు తెంచి, రేకులు విరిచి పుప్పొడి చూస్తున్నాను.

"ఓ యప్పా! తెల్ల జుట్టొచ్చినాది, బుద్ధి లేదా? నాయన పూలు తెంపుతాండావే!"

చెలమలోంచి కడవ ఎత్తుకొని వస్తున్న ఒక నడివయసు కూలి మనిషి. నేనెవరో ఆమెకు తెలియదు.

"తప్పయిందమ్మా. నాయన పూలని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవురో సెప్పాల్నా ఏమి? ఈడ అందురికీ తెల్సు. నీది యా ఊరప్పా?"

ఆమె కడవ దించి, నా చేతిలోని పూవును చూసి, పక్క తీగమీద అప్పుడే విచ్చుకున్న పిందెపూవు చూపించింది.

"తెంపనే తెంపితివి. ఊరికే పారెయ్యొద్దు. ఆ పిందెపూవుకు పూసి పో."

నేను మోకాళ్ళమీద ఇసుకలో కూర్చొని, ఆమె చెప్పినట్టే పూశాను.